ఒక దెబ్బ ఎక్కువ

నా సర్వీసు మొత్తంల నా చేతిల ఒక్కటే కాన్వాసు చినిగింది. నిజం చెప్పాలంటె, సర్వీసుల ఉండంగ నేను బిగిచ్చిందే ఒక్క కాన్వాసు, అదే చినిగింది. నవ్వుకోండ్రి, ఫరక్ పడది. రిటైరైనంక ఎన్ని బిగిచ్చిన్నో నాకే యాదికి లేదు. జ్యోతినగర్ల బొమ్మలు నేర్చుకునే పిల్లలందరు ఫ్రేముల కోసం నా ఇంటికే వస్తరు. ఒక్కటి గూడ వదులు గాలే, ఒక్కటి గూడ వంకర పోలే. ఇంత దమ్ముగ ఎందుకు చెప్తున్ననంటె, ఆ మొదటిది నాకు మస్తు నేర్పింది.

నేను మొదలు టింబర్‌మ్యాన్‌ను. ఇప్పుడు డ్యూటీల చేరే తమ్ముళ్లకు ఆ పని ఎరుక లేదు, బొగ్గుబాయిల అంతట ఇనుప బోల్టులే వచ్చినయ్. మా కాలంల బొగ్గు తీసినకొద్ది పైకప్పు కింద దుంగలు నిలబెట్టాలె. దుంగకు, కప్పుకు నడుమ సందుంటది. ఆ సందుల వెడ్జి పెట్టి సుత్తెతోని కొట్టాలె. వెడ్జి అంటె ఏం లేదు, ఒక దిక్కు మందంగ, ఒక దిక్కు పల్చగ చెక్కిన చెక్క. కొడుతుంటె దుంగ మోత మారుతది. మొదట్ల డబ్బు డబ్బుమంటది, బిగిసినంక ఖంగుమంటది. ఖంగుమన్నదంటె దాని కింద కూసోని బువ్వ తినొచ్చు. నేను కొట్టిన దుంగల కింద ఎంతమంది టిఫిన్లు విప్పుకున్నరో, ఒక్కని నెత్తి మీద ఇంత పెళ్ల రాలలే.

నాకొక జోడి ఉండె. కమాన్‌పూర్ దిక్కు పిల్లగాడు, నాకంటె ఆరేండ్లు చిన్న. నేను వెడ్జి కొడితె వాడు దుంగ పట్టేటోడు, వాడు కొడితె నేను పట్టేటోణ్ణి. అన్నా అన్నా అనుకుంట ఎన్కెన్క తిరిగేటోడు. ఒకసారి నా బావమరిది లగ్గమని మూడు రోజులు లీవు పెట్టిన. రెండో రోజు కప్పు కూలింది. వాడు పోయిండు.

ఒక దుంగకు వెడ్జి వదులైందని కొందరన్నరు. ఆ బండ పడేదుంటె ఎన్ని దుంగలున్నా ఆగకపోతుండె అని కొందరన్నరు. నన్నెవ్వరు ఒక్క మాట అనలే. లీవుల ఉన్నోణ్ణి ఏమంటరు? గని ఆ దినం నుంచి నాకొక అలవాటు పట్టుకున్నది. దుంగ ఖంగుమన్నంక గూడ ఇంకొక్క దెబ్బ వేస్తుంటి. ఒక దెబ్బ ఎక్కువ. "చాలురా భై, దుంగ పలుగుతది" అని మా మీది ఓవర్‌మ్యాన్ తిట్టేటోడు. నేను ఇంటెగా!

ల్యాంప్ రూము కాక ముచ్చట గూడ ఇక్కడ్నే చెప్పాలె. బాయిల దిగేటోడు ప్రతొక్కడు ల్యాంప్ రూము కాడ దీపం తీసుకొని, తన నంబరు బిళ్ళ బోర్డుకు తగిలిచ్చి పోవాలె. పైకొచ్చినంక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలె. బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటె మనిషి లోపల ఉన్నట్టు. బోర్డంత ఖాళీ కాంగనే కాక కిటికీల నుంచి నెత్తి బయటికి పెట్టి గట్టిగ మొత్తుకునేటోడు: "లెక్క కుదిరింది! అందరు పైకొచ్చిన్రు!" ఆ మాట ఇన్నంకనే మాకు షిఫ్టు అయిపోయినట్టు. కంపెనీ పెట్టిన రూలు కాదు, ఎవ్వరు రాసింది కాదు. గని ఆ మాట ఇనకుంట ఎవ్వడు సైకిల్ స్టాండు తీసేటోడు కాదు. కాక నా జోడిగాడు పోయిన దినం ఆ మాట అనలే. ఆ తర్వాత బాయి మూసేదాక గూడ సగం మాటనే అన్నడు. "లెక్క కుదిరింది" అనేటోడు, కిటికీ మూసేటోడు. 'అందరు' అనే మాట ఆయన నోట్లకెళ్లి మళ్ల రాలే. మేము అడగలే.

కొన్నేండ్లకు నా మోకాళ్లు ఖరాబైనయ్. దవాఖానల డాక్టరు రాసిచ్చిండు, నన్ను పైకి తెచ్చి వర్క్‌షాపుల కార్పెంటర్ పని ఇచ్చిన్రు. నా జోడిగాని భార్యకు వాని ఉద్యోగం ఇదే వర్క్‌షాపుల ఇచ్చిన్రు. మొదట్ల ఊడ్చుడు, చాయ్ పోసుడు. తర్వాత స్టోరు చిట్టీలు రాసుడు గూడ నేర్చుకున్నది. నన్ను అన్నా అంటది, నేను చెల్లె అంట. ఆమె నన్ను ఏనాడు ఏమడగలే, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి సంగతే ఇది.

మా పాత బాయి మూసేసిన్రు. ఆ జాగంత పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ కింద పోతుంది, రేపు చూద్దామన్నా అక్కడ బాయి ఉండె అనే గుర్తు గూడ ఉండది. కార్మికులందరు కలిసి ఒక మాట అనుకున్నరు: ఆఖరి షిఫ్టు చేసినోళ్లందరు బాయి ముంగట నిలబడ్డట్టు ఒక పెద్ద బొమ్మ వేయిచ్చి కార్మికుల కోసం కట్టిన కొత్త హాల్ల పెట్టాలె. వేసేదెవరు? వేరే ఎవరున్నరు, మా వర్క్‌షాపు పెయింటరే.

ఈ పెయింటరు తండ్రి ఎన్నడో కృష్ణా దిక్కు నుంచి పనికొచ్చి ఇక్కడ్నే ఉండిపోయిండు. పెయింటర్ పుట్టింది ఇక్కడ్నే గని భాష మాత్రం ఇంట్ల అమ్మ నేర్పిన భాషనే. నన్ను బావా అంటడు, నేను గూడ బావా అంట. రోజుకు నాలుగుసార్లు కొట్లాడుకునేది, ఒక్క టిఫిన్లనే తినేది. సర్వీసంత రేకు మీద రాసుడే ఆయన పని. 'హెల్మెట్ పెట్టుకో', 'ఇటు రావద్దు', 'ఇంటి కాడ నీ కోసం ఎదురు చూస్తున్నరు'. ఈ బొగ్గు బెల్టుల ఆయన అక్షరాలు చదవనోడు లేడు. ఆయన పేరు మాత్రం ఏ బోర్డు మీద లేదు.

"రేకు మీద వేస్తే బోర్డే అవుతుంది బావా. గుడ్డ మీద వేస్తే బొమ్మవుతుంది. నాకు గుడ్డ కావాలి" అన్నడు.

మా ఇంజనీరు సారు పడుచు పిల్లగాడు. ఖుషీగ ఒప్పుకున్నడు, పట్నం నుంచి మందం కాన్వాసు బట్ట తెప్పిచ్చిండు. ఒకటే షరతు పెట్టిండు: ఆఖరి షిఫ్టు హాజరు మస్టర్ల ఎవరున్నరో వాళ్లే బొమ్మల ఉండాలె. "రికార్డు ప్రకారం నలభై మంది, అంతే. ఒకరిని ఎక్కువ పెడితే ఊరంతా వస్తుంది" అన్నడు. ఆయన మాటల తప్పేం లేదు.

బట్ట బిగిచ్చేటందుకు చట్రం నేను చేసిన. ఎనిమిది ఫీట్ల పొడుగు, ఐదు ఫీట్ల ఎత్తు. కర్ర యాడిదనుకున్నరు? మూసిన బాయిల గాలి మళ్లిచ్చేటందుకు పెట్టిన పాత టేకు తలుపు. ఎన్నేండ్లు ఎండిందో, ఎంత తడి మింగిందో, ఇగ వంగేదేం లేదు దానికి. ఆ తలుపు ఇప్పించుకునేటందుకు నేను స్టోరు కాడ చేసిన లొల్లి వేరే ముచ్చట. కర్ర లోపలి అంచు ఏటవాలుగ చెక్కిన, ఎందుకంటె బట్ట బయటి అంచు మీదనే ఆనాలె. లోపలి అంచు తాకితె కొన్నాళ్లకు బొమ్మ మీద గీత పడుతది. నడుమ రెండు అడ్డకర్రలు వేసిన. ఇదంత ఇంజనీరు సారు ఫోన్ల వీడియో చూపెడితె చూసి చేసిందే. గని వీడియోల మనిషి కంటె నా జాయింట్లే మంచిగ కూసున్నయ్.

బట్ట పరిచి నేను ఒక మూల నుంచి లాగుడు మొదలువెట్టిన. లారీ మీద తాటిపత్రి కట్టినట్టు.

"ఏంటి బావా, బొగ్గు లోడు చేస్తున్నావా? నడుమ నుంచి రావాలి" అన్నడు పెయింటరు.

నిజమే. ఒక దిక్కు నడుమ ఒక మొల, దాని ఎదురు దిక్కు నడుమ ఒక మొల. మిగిలిన రెండు దిక్కులు గట్లనే. ఆ తర్వాత జరంత జరంత మూలలకు పోవాలె. మూల నుంచి మొదలువెడితె ముడతలన్ని బొమ్మ నడిమిట్లకు వస్తయ్. ఆఖరుకు నాలుగు మూలల సందులల్ల చిన్న చిన్న వెడ్జీలు పెట్టాలె. తర్వాత ఎప్పుడన్న బట్ట వదులైతె వాటిని మెల్లగ కొడితె చట్రం ఇంత ఎడమైతది, బట్ట బిగుస్తది. వీడియోల వెడ్జీలు చూడంగనే నాకు నవ్వాగలే.

"సార్, ఇది చిన్నప్పటి నుంచి నా పనే" అన్న.

బిగిచ్చి వేలుతోని కొడితె బట్ట డప్పు లెక్క మోగింది. పెయింటరు గూడ కొట్టి చూసుకున్నడు, ఖుషీతోని ఇంత మొఖం చేసుకున్నడు. జిగురు, సున్నపు పొడి కలిపి రాసి ఎండబెట్టి, బొమ్మ మొదలువెట్టిండు.

రెండు నెలలు వేసిండు. అందరు మధ్యాహ్నం పూట వచ్చి వాళ్ల మొఖం ఎంతదాక అయ్యిందో చూసుకొని పోయేటోళ్లు. "నా ముక్కు గంత లావున్నదా?" అని ఒకడు, "మీసం జర నల్లగ కొట్టన్నా" అని ఒకడు. బొమ్మ అయిపోవచ్చింది అనంగ ఒకరోజు చెల్లె నా దగ్గరికొచ్చింది. కొంగు ముడి విప్పి ఒక చిన్న ఫోటో తీసింది. వాని ఐడీ కార్డు ఫోటో.

"అన్నా, ఈయన గూడ ఉండొచ్చునా అండ్ల?" అన్నది.

లిస్టు, మస్టరు, షరతు, అన్ని నాకు యాదికున్నయ్. "ఎందుకుండొద్దు? ఎవడు కాదంటడో నేను చూస్త" అన్న. సారును అడుగనే లేదు, సక్కగ పెయింటర్ దగ్గరికి పోయిన.

"నిండిపోయింది బావా, ఎక్కడ పెట్టను?" అన్నడు. ఆయన గూడ వాణ్ణి ఎరిగినోడే. కొద్దిసేపు బొమ్మ చుట్టు తిరిగిండు. "కుడి చివరన జానెడు జాగా ఉంది. దాని కింద నా సంతకం పెడదామనుకున్నాను. పైన అతను, కింద నేను. సరిపోద్దిలే."

ఐడీ కార్డు ఫోటోల వాడు దొంగను పట్టుకచ్చినట్టు బిగుసుకొని ఉన్నడు. పెయింటరు చెల్లెను పిలిచి అడిగిండు: "ఇతను నవ్వితే ఎట్టా ఉండేవాడమ్మా?"

ఆమె జర సిగ్గుపడ్డది. ఆ తర్వాత, "పూరా నవ్వకపోతుండె. గిట్ల, కుడి దిక్కు పెదవి ఒక్కటే లేపేటోడు" అని తన పెదవి లేపి చూపెట్టింది. నేను చూసిన. అచ్చం వాడే. దుంగ బరువు నా మీదికి వంచి ఏం తెల్వనట్టు నవ్వేటోడు గట్లనే. మూడు రోజులకు ఆ నవ్వు బొమ్మ మీదికి వచ్చింది. ఆమె ఇంట్ల ఉన్న ఒక్క ఫోటోల గూడ ఆ నవ్వు లేదు. లగ్గం ఫోటోల గూడ బిగుసుకొనే ఉన్నడంట.

ఫంక్షను దినం పెట్టుకున్నరు. ఆ వారం మొత్తం ముసురు. ముందు రోజు పొద్దుమీకి చూస్తె బట్ట వదులైంది, నడుమ ఇంత పొట్ట వచ్చింది. నా చెయ్యి ఊకుంటదా? సుత్తె కోసం చూసిన.

"ముట్టుకోమాక బావా" అన్నడు పెయింటరు. "తడికి ఏ గుడ్డయినా వదులవుద్ది. రేపు హాల్లో ఫ్యాన్ల కింద పెడితే దానంతట అదే సర్దుకుంటుంది. పైన రంగుంది, కింద జిగురుంది. నువ్వు బాదితే అది ఎటూ పోలేదు."

"ముట్టను" అన్న. అబద్ధం చెప్పిన.

తెల్లారి ఫస్ట్ షిఫ్టు కూత ఇనవడంగనే పోయిన. వర్క్‌షాపు షెడ్డుల ఎవ్వరు లేరు. మొదటి మూల కొట్టిన, మంచిగ బిగిసింది. రెండోది, మూడోది. వేలుతోని కొడితె మోత మంచిగ వస్తుంది. నాలుగోది కుడి దిక్కు పై మూల. రెండు దెబ్బలు వేసిన, అది గూడ మోగింది. పని అయిపోయింది. ఎవ్వరన్న మంచి కార్పెంటర్ అయితె సుత్తె అక్కడ కింద పెడుతడు.

నేను ఇంకొక్కటి వేసిన.

పర్రుమన్నది. మూల మొల కాడ మొదలై బట్ట లోపలికి జానెడు చినిగింది. వాని హెల్మెట్ నడిమిట్ల నుంచి చెంప మీదికి వచ్చి పెదవి కాడ ఆగింది. నేను సుత్తె చేతిల పట్టుకొని గట్లనే నిలబడ్డ. బాయిల కప్పు పలుగుతుంటె గూడ నేను గట్ల నిలబడలే.

పెయింటరు వచ్చిండు, చూసిండు. నన్ను తిడుతడనుకున్న, తిట్టినా బాగుండు. స్టూలు మీద కూసున్నడు. "చెప్పానా లేదా?" అన్నడు, అంతే. ఎన్కనే ఇంజనీరు సారు వచ్చి నెత్తి పట్టుకున్నడు. పదకొండు గంటలకు కంపెనీ పెద్ద సారు వస్తున్నడు, హాల్ల కుర్చీలు వేసిన్రు, టెంటు కట్టిన్రు.

ఇప్పుడు చెప్పేది జర జాగ్రత్తగ ఇనుండ్రి, ఎందుకంటె బట్ట చింపుడు నా పెద్ద తప్పు కాదు. పెద్ద తప్పు దీని తర్వాత చేసిన.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్, గంటల తయారు చేస్త" అన్న. "కుడి దిక్కు జానెడు కోసేస్త, చట్రం ఇంత చిన్నగ చేస్త. చూసినోనికెవ్వనికి తెల్వది."

"ఆ చివరి మనిషి పోతాడు కదా?" అన్నడు సారు.

"ఆయన మీ లిస్టుల లేడు సార్. ఆ షిఫ్టుల లేడు. నలభై మందే ఉండాలె కదా."

నా నోట్లకెళ్లే వచ్చింది ఆ మాట. వాని జోడి నోట్లకెళ్లి. సారు బొమ్మ మీద తలకాయలు లెక్కపెట్టుకున్నడు, నలభై ఒకటి తేలినయ్. "అయితే రికార్డు ప్రకారం ప్రాబ్లం లేదు, జల్ది కానివ్వండి" అన్నడు.

"ఆ జానెడులోనే నా సంతకం కూడా ఉంది బావా" అన్నడు పెయింటరు స్టూలు మీద నుంచి. "నీ ఇష్టం. నా బొమ్మ నేను కొయ్యను. నువ్వే కోసుకో."

నేను బొమ్మను టేబుల్ మీద బోర్ల వేసి, ఇనుప స్కేలు పెట్టి పెన్సిల్‌తోని గీత గీసిన. కత్తి తీసుకున్న. అప్పుడు తలుపు కాడ చూస్తె చెల్లె నిలబడి ఉన్నది, చేతిల చాయ్ ఫ్లాస్కు. ఎప్పటి నుంచి ఉన్నదో, ఎంత ఇన్నదో.

"ఒక్కసారి బాయిల వదిలిపెట్టొచ్చిన్రు అన్నా" అన్నది. "ఇప్పుడు పైన గూడ నువ్వే వదిలిపెడుతున్నవా?"

ఏడ్వలే, లొల్లి చెయ్యలే. ఫ్లాస్కు టేబుల్ మీద పెట్టి స్టోరు రూముకు పోయింది.

నాకు సిగ్గైంది. మామూలు సిగ్గు కాదు, నా మొఖం నాకే చూపెట్టబుద్ధి కాలే. వాడు పోయిన దినం నేను లేను, అది నా చేతుల లేదు. ఈ దినం ఉన్న, కత్తి గూడ నా చేతులనే ఉన్నది. దాన్ని డబ్బాల వేసి మూత పెట్టిన.

"కొయ్యను సార్. అతుకు వేస్త. టైం పడుతది" అన్న.

సారు చేతి గడియారం చూపెట్టిండు. "పదకొండుకు పెద్ద సార్ వస్తే నేనేం చెప్పాలి?"

"టింబర్‌మ్యాన్ ఇంక కాలే అన్నడని చెప్పుండ్రి. నేను కాలే అన్నంక కప్పు కిందికి ఓవర్‌మ్యాన్ పోలే, మేనేజర్ పోలే. ఇంత పెద్ద సర్వీసుల ఎవ్వరు పోలే. చింపింది నేనే అని గూడ చెప్పుండ్రి. మీరు చెప్పకుంటె నేనే చెప్త."

సారు ఎర్రగ చూసిండు. గని పిల్లగాడు మంచోడు. ఫోను తీసుకొని బయట వానలకు పోయిండు, తడిసి వచ్చిండు. "మూడు గంటలకు మార్చాను. మూడు దాటితే నా ఉద్యోగం మీరే చూసుకోవాలి" అన్నడు.

నేను స్టోరు రూముకు పోయిన. ఆమె చిట్టీలు రాస్తుంది, నెత్తి ఎత్తలే.

"చెల్లె, చింపింది నేనే. ముట్టొద్దని చెప్పినా ముట్టిన. నీకు చెప్పకుంట కోద్దామనుకున్న, అది ఇంక పెద్ద తప్పు. మాఫ్ చెయ్యమని అడగను. బట్ట దారాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చాలె, మా ఇద్దరి కండ్లకు ఆనుతలేవు. నువ్వొస్తవా?"

చాలాసేపు రాసుకుంటనే ఉన్నది. ఆ చిట్టీ అయిపోయినంక పెన్ను మూత పెట్టి లేచింది.

వెడ్జీలన్ని పీకేసిన. రెండు దిక్కుల మొలలు తీసేసిన, బట్ట వదులైంది. దుప్పటి పరిచి బొమ్మను బోర్ల వేసినం. చెల్లె సూది మొన తోని చినిగిన దారాలను ఒక్కొక్కటి సక్కదిద్దింది. ఇటు దారం అటు దారానికి ఎదురు రావాలె, లేకుంటె ముందుదిక్కు పెదవి వంకర పోతది. పెయింటరు మిగిలిన కాన్వాసు ముక్కకు జిగురు రాసి ఎన్క నుంచి అతికిచ్చిండు. దాని మీద నున్నటి చెక్క, చెక్క మీద రైలు పట్టా ముక్క బరువు పెట్టినం. ఇగ ఆరేదాక చేసేదేం లేదు. ముగ్గురం చుట్టు కూసున్నం, రేకుల మీద వాన. ఫ్లాస్కుల చాయ్ చల్లగైంది, గట్లనే తాగినం.

"ఆయన చాయ్‌ల చక్కెర రెండు చెంచాలు ఎక్కువేసుకునేటోడు" అన్నది చెల్లె.

"నా డబ్బాల చక్కెర అంత వాడే మింగిండు" అన్న నేను. ఆమె కుడి దిక్కు పెదవి జరంత లేచింది.

మధ్యాహ్నానికి జిగురు పట్టింది. మళ్ల బిగిచ్చుడు మొదలువెట్టిన. నడుమ నుంచి, మెల్లగ, చేతితోని లాగినంతనే. మూడు మూలల వెడ్జీలు ఊరికెనే కూసోబెట్టిన. నాలుగో మూల కాడికి వచ్చి సుత్తెతోని తట్టిన, ఇంకోసారి తట్టిన. వేలుతోని కొడితె డబ్బుమన్నది, ఖంగుమనలే. నా చెయ్యి మళ్ల లేచింది. లేవకుంట ఎట్లుంటది, ఇన్నేండ్ల అలవాటు.

చెల్లె వెడ్జి మీద అరచెయ్యి పెట్టింది. "చాలన్నా" అన్నది. "ఆగుతది."

నేను సుత్తె కింద పెట్టిన. వాడు పోయినంక ఆ ఎక్కువ దెబ్బ వెయ్యకుంట నేను పని ఆపింది అదే మొదటిసారి. బొమ్మ కూలలే, ఎవ్వనికి ఏం కాలే. ఏడ్పొచ్చింది నాకు. వానకు ముక్కు కారుతుందని చెప్పి అటు తిరిగిన.

పెయింటరు చిన్న బ్రష్షు తోని హెల్మెట్, చెంప సరి చేసిండు. పెదవి కాడికొచ్చి చెల్లె దిక్కు చూస్తె, ఆమె అడుగకముందే మళ్ల చేసి చూపెట్టింది. ఆ అతుకు ఇప్పటికి ఉన్నది. పొద్దుగాల కిటికీ ఎండ పక్క నుంచి పడితె చెంప మీద సన్నగ గీత కనవడతది. బొమ్మలు నేర్చుకునే పిల్లలను తీసుకపోయి నేనే చూపెడుత. నా చేతి పనే అని చెప్త, వాళ్లు నమ్మరు.

మూడింటికి పది నిమిషాలు ఉండంగ హాల్ల గోడకు ఎక్కిచ్చినం. పెద్ద సారు వచ్చిండు, పరదా తీసిండు, అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను మైకు కాడికి పోయి, "ఈ బొమ్మ చినిగింది, చింపింది నేనే, అందుకే మీకు ఆలస్యం అయింది" అన్న. కొందరు నవ్విన్రు. పెద్ద సారు మాట్లాడుడు మొదలువెట్టిండు.

అప్పుడు ముంగటి వరుసల నుంచి ల్యాంప్ రూము కాక లేచిండు. బాయి మూసినంక రిటైరైండు, నడుము వంగింది. కట్టె పొడుసుకుంట బొమ్మ కాడికి పోయి, అద్దాలు సరిచేసుకొని, వేలు పెట్టి ఎడమ దిక్కు నుంచి మొదలువెట్టిండు. ఒకటి, రెండు, మూడు. పెద్ద సారు మాట ఆపిండు. ఎవ్వరు కాకను కూసోమనలే. మా బాయోళ్లకందరికి ఎరుకే ఆయన ఏం చేస్తున్నడో. మా సారు ఒక్కడే నా దిక్కు చూసిండు, లిస్టు సంగతి బయట పడుతదని. నేను పట్టిచ్చుకోలే.

"ముప్పై తొమ్మిది. నలభై." కాక వేలు ఆగింది. ఆఖరి షిఫ్టుకు దీపాలిచ్చింది ఆయనే, నలభై బిళ్ళలని ఆయనకంటె ఎక్కువ ఎవ్వనికి ఎరుక లేదు. చివరి మొఖం దగ్గరికి వంగి చూసిండు. చానాసేపు చూసిండు.

"నలభై ఒకటి" అన్నడు.

మా దిక్కు తిరిగిండు. కిటికీల నుంచి నెత్తి బయటికి పెట్టినట్టు మెడ సాపిండు. గొంతు పాతదే, జర బొంగురుపోయింది.

"లెక్క కుదిరింది!" అని ఆగిండు. ఇన్నేండ్లు ఆగిన కాడనే ఆగిండు.

"అందరు పైకొచ్చిన్రు!"

నా పక్కన చెల్లె కొంగుతోని మొఖం తుడుచుకున్నది. చిట్టీలు రాసే పెన్ను జాకెట్ల పెట్టుకొని లేచి నిలబడ్డది.

"పా అన్నా, ఇంటికి పోదాం" అన్నది. "షిఫ్టు అయిపోయింది."